32 ఏళ్లకి ప్రీమెడ్ పోస్ట్‌బ్యాక్: ఇండియా బీటెక్‌తో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంగువ_తాలింపు

అందరికీ నమస్తే. ఇది రాయాలా వద్దా అని రెండు నెలలుగా తటపటాయిస్తున్నా, నవ్వకండి.

నాకు 32. ఇంటర్‌లో ఎంపీసీ, గుంటూరు దగ్గర ఈసీఈ, అమెరికా వచ్చి కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్, ఏడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా ఆయన సిటిజన్, నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. పాపకి నాలుగేళ్లు. టెన్త్ తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకోలేదు. లెక్కలు బాగా వచ్చిన పిల్ల బైపీసీ తీసుకోవడమేంటి అన్నట్టు ఉండేది మా ఇంట్లో, నేనూ గట్టిగా అడగలేదు.

మా కంపెనీ ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. కిందటేడు ఒక ఆసుపత్రిలో కొత్త సిస్టమ్ మొదలుపెట్టిన వారం నన్ను నైట్ షిఫ్టులకి పంపారు, నర్సుల పక్కన నిలబడి ఎక్కడైనా ఆగిపోతే చూడటం నా పని. ఒక రాత్రి ఎవరికో పొటాషియం ఎక్కువగా ఉందని స్క్రీన్ మీద ఎర్రగా అలర్ట్ వచ్చింది. ఆ అలర్ట్‌కి టెస్ట్ కేసులు రాసింది నేనే, సరిగ్గా వచ్చిందని లోపల సంబరపడుతున్నా. డాక్టరమ్మ దాన్ని ఒక్క క్లిక్కుతో మూసేసి, "ఈసీజీ తీయండి" అంటూ గదిలోకి వెళ్లిపోయింది. నేను స్క్రీన్ దగ్గరే ఉండిపోయా. గదిలో ఏం జరుగుతోందో, పొటాషియంకీ ఈసీజీకీ సంబంధమేంటో నాకు ఏమీ తెలియదు. ఆ రాత్రి నుంచి అది నన్ను వదలట్లేదు.

చదివినంతలో నాకు అర్థమైంది ఏంటంటే, ఇక్కడ డిగ్రీ అయ్యాకే మెడికల్ స్కూల్, దానికి ముందు కొన్ని సైన్స్ కోర్సులు (ప్రీమెడ్) చేసి ఉండాలి, వేరే రంగంలో ఉండి మెడిసిన్ వైపు వచ్చేవాళ్లకి వాటిని చదివించే పోస్ట్‌బ్యాక్ ప్రోగ్రాములున్నాయి. బ్రిన్ మార్, గౌచర్ లాంటి చోట్ల కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్, ఆర్గానిక్ కెమిస్ట్రీ అన్నీ ఏడాదిలో చదివించేస్తారు, కొలంబియాలో అయితే రెండేళ్ల దాకా పడుతుంది. పిల్లని పెట్టుకుని పెన్సిల్వేనియా వెళ్లడం కుదిరే పనేనా, ఉద్యోగం మానేయాల్సిందేనా, అసలు ఇండియా డిగ్రీని వీళ్లు లెక్కలోకి తీసుకుంటారా? మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు, అది ఏ రకం నీ ఇష్టమో ఇంకా తేలలేదు. అమ్మకి చెప్తే ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పాప అన్నం తిందా అని అడిగింది.

గ్లైడ్_ఇయర్

అక్కా, నేను ఇక్కడే పుట్టి పెరిగా, నా తెలుగు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి. డిగ్రీ హిస్టరీలో చేసి, మూడేళ్లు లాయర్ల ఆఫీసులో పని చేసి, ఈస్ట్ కోస్ట్‌లో ఇలాంటి ఏడాది ప్రోగ్రాం ఒకటి చేశా. ఇప్పుడు మెడికల్ స్కూల్ మూడో ఏడాది.

ఏడాది అంటే నిజంగా ఏడాదే. వేసవిలో మొదలవుతుంది. మామూలుగా రెండు సెమిస్టర్లు చెప్పే జనరల్ కెమిస్ట్రీని ఆ వేసవిలోనే ఊదేస్తారు, ఆ తర్వాత ఆర్గానిక్, ఫిజిక్స్, బయాలజీ మూడూ ల్యాబులతో సహా ఒకేసారి మీద పడతాయి. ఉద్యోగం మాట మర్చిపోండి. మా బ్యాచ్‌లో ఇద్దరు తల్లులున్నారు, ఇద్దరి ఇళ్లలోనూ పిల్లల్ని చూసుకోవడానికి పెద్దవాళ్లు ఉన్నారు, లేకపోతే ఎలా నెట్టుకొచ్చేవాళ్లో నాకు తెలియదు.

ట్యూషనే నలభై వేల డాలర్లు దాటే చోట్లున్నాయి. అంత పోసి ఏం కొనుక్కుంటున్నాం అంటే, కెమిస్ట్రీ ఎక్కడైనా అదే కెమిస్ట్రీ, మనకి దొరికేది అడ్వైజర్, కమిటీ లెటర్ (కాలేజీ తరఫున మెడికల్ స్కూళ్లకి వెళ్లే సిఫార్సు లేఖ), మనలాగే అన్నీ వదిలేసి వచ్చిన పాతిక ముప్పై మంది తోడు, ఇంకా లింకేజ్. లింకేజ్ అంటే కొన్ని మెడికల్ స్కూళ్లతో వాళ్లకి ఒప్పందం ఉంటుంది, పోస్ట్‌బ్యాక్ చదువుతుండగానే అప్లై చేసి, చెప్పిన గ్రేడ్లు తెచ్చుకుంటే మధ్యలో ఏడాది ఖాళీ లేకుండా నేరుగా చేరిపోవచ్చు. అది రాకపోతే మే నెలలో కోర్సులు అయ్యాక జూన్‌లో అప్లికేషన్, తర్వాతి ఏడాది ఆగస్టులో చేరడం. ఆ మధ్య ఏడాదికే గ్లైడ్ ఇయర్ అని పేరు, నా పేరు అక్కడ్నుంచి వచ్చిందే. మీ లెక్క వేస్తే 34కి మెడికల్ స్కూల్, 38కి డిగ్రీ చేతికి, ఫ్యామిలీ మెడిసిన్ లేదా ఇంటర్నల్ మెడిసిన్ అయితే మూడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో జీతంతో చేసే శిక్షణ, అది అయ్యేసరికి 41. సర్జరీ వైపు మనసు పోతే ఇంకా కలుపుకోండి.

ఒక్క జాగ్రత్త. ఈ ప్రోగ్రాములు సైన్స్ కోర్సులు చేయనివాళ్ల కోసం. ముందుగా చూసుకుందామని కమ్యూనిటీ కాలేజీలో నాలుగైదు కోర్సులు చేసేస్తే, మీరు మా మనిషి కాదు పొమ్మంటారు. గ్రేడ్లు తక్కువై మళ్లీ నిరూపించుకోవాలనుకునేవాళ్లకి వేరే రకం ప్రోగ్రాములుంటాయి, పేరు ఒకటే కావడంతో అందరూ కలగాపులగం చేసుకుంటారు.

బావిగట్టు

తమ్ముడు చెప్పిందంతా నిజమే, కానీ అది ఇక్కడి డిగ్రీ ఉన్నవాళ్ల కథ. మనం దాటాల్సిన గుమ్మం వేరు, దాని గురించి ఎవరూ ముందు చెప్పరు. నాది హైదరాబాద్‌లో బీఈ, ఇక్కడ ఎంఎస్, 34లో మొదలుపెట్టి ఇప్పుడు డీవో (ఆస్టియోపతిక్ మెడిసిన్) స్కూల్లో రెండో ఏడాది.

ఎండీ స్కూళ్లకి (ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టర్ డిగ్రీ) ఆమ్‌కాస్ అని ఉమ్మడి అప్లికేషన్ ఉంటుంది. అందులో ఇండియా మార్కులు జీపీఏలోకి రావు. మీరు యూనివర్సిటీ ఫస్ట్ అయినా, సప్లీలు రాసి గట్టెక్కినా వాళ్లకి ఒకటే. ఎంఎస్ గ్రేడ్లు వస్తాయి, కానీ గ్రాడ్యుయేట్ అని విడిగా పక్కన పెడతారు, పైగా సైన్స్ జీపీఏ అంటే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మాత్రమే, కంప్యూటర్ సైన్స్ అందులో లేదు. కాబట్టి పోస్ట్‌బ్యాక్‌లో తెచ్చుకునే ఆ పది పన్నెండు గ్రేడ్లే మన జాతకం. ఇక్కడి పిల్లలకి ఒక 'సి' గ్రేడు వచ్చినా నాలుగేళ్ల 'ఏ' గ్రేడ్ల మధ్య కలిసిపోతుంది, మనకి దాచుకునే చోటే ఉండదు. ఆ కోర్సు మళ్లీ చేసి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా పాతదీ కొత్తదీ రెండూ లెక్కేస్తారు. ఎండీ స్కూళ్లలో చేరుతున్నవాళ్ల సగటు జీపీఏ 3.8 దగ్గర, ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష) స్కోరు 528కి 512 దగ్గర ఉంది. ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది 23 వేల మంది.

దానికన్నా పెద్ద చిక్కు క్రెడిట్లు. చాలా స్కూళ్లు అమెరికా లేదా కెనడా డిగ్రీ ఉండాలంటాయి, లేదా ఇక్కడ కనీసం 90 క్రెడిట్లు చేసి ఉండాలంటాయి. టెక్సాస్‌లోనూ ఈ 90 మాట వింటారు. పోస్ట్‌బ్యాక్ మొత్తం కలిపినా నలభై యాభై దాటదు. ఎంఎస్ క్రెడిట్లని కొందరు ఒప్పుకుంటారు, కొందరు అండర్‌గ్రాడ్యుయేట్‌వే కావాలంటారు. అంటే బోలెడు డబ్బు పోసి బ్రహ్మాండమైన ప్రోగ్రాం పూర్తి చేసి కూడా సగం స్కూళ్లకి అప్లై చేసే అర్హతే లేకుండా మిగిలిపోవచ్చు. నాకు దాదాపు అదే జరిగేది. ఒక ప్రోగ్రాంకి ఫీజు కట్టి, వ్యాసాలు రాసి, నెలల తరబడి ఎదురుచూశాక, విదేశీ డిగ్రీలు తీసుకోమని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఆ ముక్క వాళ్ల వెబ్‌సైట్లో ఎక్కడా కనపడలేదు, వారం రోజులు నామీద నాకే కోపం.

ఆ తర్వాత నేను ఊళ్లోని స్టేట్ యూనివర్సిటీలో రెండో బ్యాచిలర్స్‌కి చేరా. మన ట్రాన్స్‌క్రిప్టు మదింపు చేయించి ఇస్తే మ్యాథ్స్, ఫిజిక్స్, కొన్ని ఇంజినీరింగ్ సబ్జెక్టులు ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లుగా వాళ్ల ట్రాన్స్‌క్రిప్టులో ఎక్కాయి, మిగతావి సాయంత్రాలూ వేసవులూ కలిపి మూడేళ్లలో లాగించా, రెండేళ్లు ఉద్యోగం చేస్తూనే. ఆకర్షణీయంగా ఏమీ ఉండదు, పంతొమ్మిదేళ్ల పిల్లలు ల్యాబ్‌లో మిమ్మల్ని మేడమ్ అంటారు. డీవో స్కూళ్ల అప్లికేషన్‌లో విదేశీ మార్కుల్ని వెస్ లాంటి సంస్థ చేత మదింపు చేయించి పెట్టొచ్చు, అది నాకు కలిసొచ్చింది. ఇక్కడ డీవో కూడా ఎండీ లాగే పూర్తి డాక్టరే, మా అత్తగారికి ఆ సంగతి ఇప్పటికీ అనుమానమే అనుకోండి.

మీరు ముందు చేయాల్సింది పోస్ట్‌బ్యాక్ ఎంచుకోవడం కాదు. వెళ్లాలనుకుంటున్న ఓ పది మెడికల్ స్కూళ్లు రాసుకుని, ఒక్కోదానికి మెయిల్ పెట్టండి: ఇండియా బ్యాచిలర్స్, ఇక్కడ ఇన్ని క్రెడిట్ల ఎంఎస్, ఇంకా ఎన్ని కావాలి అని. ఫోన్లో చెప్పింది నమ్మొద్దు, రాతలో తీసుకోండి. మీరు టెక్సాస్‌లో ఉండటం పెద్ద వరం, అక్కడి ప్రభుత్వ స్కూళ్లలో 90 శాతం సీట్లు చట్టప్రకారం ఆ రాష్ట్రం వాళ్లకే, ఫీజు కూడా ప్రైవేటు స్కూళ్లతో పోలిస్తే చాలా తక్కువ. పోస్ట్‌బ్యాక్ కోసం పెన్సిల్వేనియా వెళ్లినా టెక్సాస్ వాసిగా ఉన్న హక్కు పోగొట్టుకోకుండా చూసుకోండి.

నెల్లూరు_మాస్టారు

అమ్మా, నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని, మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చి ఉన్నాను. ఇంత తంటా ఎందుకు, మన దగ్గర నీట్‌కి గరిష్ఠ వయసు నిబంధన 2022లోనే తీసేశారు కదా. ఇంటర్‌లో బయాలజీ లేనివాళ్లు దాన్ని అదనపు సబ్జెక్టుగా తర్వాత రాసినా ఒప్పుకుంటామని 2023లో చెప్పారు. మా స్టూడెంట్ ఒకతను ముప్పై దాటాక రాస్తున్నాడు.

బావిగట్టు

మాస్టారూ, నిబంధన మీరన్నది నిజమే. కానీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు అక్కడ, తర్వాత ఇక్కడి లైసెన్సు పరీక్షలు, విదేశీ గ్రాడ్యుయేట్‌గా రెసిడెన్సీ మ్యాచ్ (సీట్ల కేటాయింపు). ఆవిడ ఇక్కడ మొదలుపెట్టినా దాదాపు అంతే పడుతుంది. పైగా నాలుగేళ్ల పాపని పెట్టుకుని పదిహేడేళ్ల పిల్లల మధ్య కోచింగ్ సెంటర్లో కూర్చోవాలి.

నెల్లూరు_మాస్టారు

అదీ నిజమే. అయితే అమ్మా, బయాలజీ డయాగ్రమ్‌లు రోజూ చేత్తో గీయి. చూసి చదివితే నిలవవు.

ఆగిపోయిన_బండి

గెలిచినవాళ్ల మాటలు విన్నారు, మధ్యలో దిగిపోయినవాడి మాట కూడా వినండి. నాకు ఇప్పుడు 39. ఆరేళ్ల కింద ఇదే దారి పట్టా, ఆర్గానిక్ రెండో సెమిస్టర్‌లో ఆపేశా.

కష్టమై ఆపలేదు. ఎంసెట్‌కి కెమిస్ట్రీ రుబ్బినవాళ్లకి జనరల్ కెమిస్ట్రీ నల్లేరు మీద నడకే, ఫిజిక్స్ సరే సరి. దెబ్బ తగిలింది టైం దగ్గర. ఉద్యోగం 45 గంటలు, క్లాసులూ ల్యాబులూ 12, చదువు 20, ఆపైన ఆసుపత్రిలో వాలంటీర్ పని, డాక్టర్ల వెనక తిరిగే షాడోయింగ్. ఇవన్నీ లేకుండా ఒట్టి మార్కులతో ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరు, ఈ సంగతి మనవాళ్లకి తలకెక్కదు, ర్యాంకు వస్తే సీటొస్తుంది అన్న అలవాటులో పెరిగాం కదా. నేను షాడోయింగ్‌ని చివరికి వాయిదా వేశా. తీరా ఒక వారం ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు గారి వెనక తిరిగితే, ఆయన రోజులో పేషెంట్ల దగ్గర గడిపిన దానికన్నా కంప్యూటర్ ముందు కూర్చున్నదే ఎక్కువ అనిపించింది. సాఫ్ట్‌వేర్ నుంచి పారిపోయి ఇక్కడికొస్తే ఇక్కడా అదే స్క్రీనా అనుకున్నా. నాకు కావాల్సింది మెడిసిన్ కాదు, నా మేనేజర్ నుంచి విముక్తి అని అప్పుడు తెలిసింది. అప్పటికి పద్దెనిమిది వేల డాలర్లు అయిపోయాయి.

మీ పొటాషియం కథ నాకు నిజంగా నచ్చింది, కానీ అది ఒక రాత్రి. పగటిపూట, మామూలు రోజుల్లో, ఏ ఎమర్జెన్సీ లేని క్లినిక్‌లో కనీసం నలభై గంటలు కూర్చుని చూడండి. బీపీ మాత్రలు మార్చడం, ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్లో వాదించడం. అది చూశాక కూడా లోపలికి వెళ్లాలనిపిస్తే ఇక ఎవరినీ అడక్కండి.

ఇంకోటి, ఎంక్యాట్‌లో కార్స్ అని రీడింగ్ సెక్షన్ ఉంటుంది, 90 నిమిషాల్లో 9 పాసేజీలు, 53 ప్రశ్నలు. తత్వశాస్త్రం, కళలు, చరిత్ర మీద పాసేజీలు, సైన్సు ఒక్క ముక్క ఉండదు, బట్టీ పట్టడానికి ఏమీ లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన నన్ను ఏడిపించింది అదే. ఇవాళ్టి నుంచే రోజుకో పెద్ద ఇంగ్లీషు వ్యాసం చదవడం మొదలుపెట్టండి, ఒకవేళ మెడిసిన్ మానేసినా నష్టం లేదు.

హెచ్4_కాఫీ

అందరికీ థ్యాంక్స్, నాదీ ఇదే కల కాబట్టి మధ్యలో దూరుతున్నా. నేను హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల వీసా) మీద ఉన్నా, బయోటెక్ డిగ్రీ. నాకు ఛాన్స్ ఉందా?

బావిగట్టు

చెల్లీ, క్లాసులు తీసుకోవడానికి హెచ్4 అడ్డు కాదు. గోడ ఆ తర్వాత వస్తుంది. చాలా మెడికల్ స్కూళ్లు సిటిజన్లనీ గ్రీన్‌కార్డ్ వాళ్లనీ మాత్రమే తీసుకుంటాయి. మిగతా కొద్దిపాటి స్కూళ్లలో కొన్ని ఏడాదిదో, నాలుగేళ్లదో ఫీజు ముందే ఎస్క్రో ఖాతాలో (మధ్యవర్తి దగ్గర కట్టి ఉంచే ఖాతా) చూపించమంటాయి, ఫెడరల్ లోన్లు హెచ్4 వాళ్లకి రావు. గ్రీన్‌కార్డ్ క్యూ ఎక్కడుందో చూసుకుని అప్పుడు దిగు. ఈలోపు పేషెంట్ల దగ్గర పని చేసే అనుభవం ఏదైనా వాలంటీర్‌గా సంపాదించుకో, అది ఎప్పటికైనా పనికొస్తుంది.

చిల్లర_లెక్క

డబ్బు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. 2025లో వచ్చిన కొత్త చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లోన్ (చదువు ఖర్చు మొత్తానికీ ప్రభుత్వం ఇచ్చే అప్పు) లేదు. మెడికల్ స్టూడెంట్లకి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు, అంతే. ఫీజు, అద్దె, తిండి కలిపి ఏడాదికి 90 వేలు దాటే ప్రైవేటు స్కూళ్లున్నాయి, మిగతాది ప్రైవేటు బ్యాంకు దగ్గరో మీ ఆయన జీతంలోంచో రావాలి. న్యూయార్క్‌లో ఎన్‌వైయూ మెడికల్ స్కూల్ 2018 నుంచి, బ్రాంక్స్‌లోని ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీ 2024 నుంచి ట్యూషన్ తీసుకోవట్లేదు నిజమే, కానీ ఫ్రీ అనగానే అక్కడ ఎంత మంది ఎగబడతారో మీరే ఊహించుకోండి.

కాబట్టి పోస్ట్‌బ్యాక్‌కే దాచిందంతా ఊడ్చి పెట్టొద్దు. హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్‌లో సాయంత్రం కోర్సులు ఒక్కోటి రెండు వేల డాలర్ల చుట్టూ ఉంటాయి, కానీ ల్యాబులకి బోస్టన్‌లో ఉండాలి. మీ ఊరి స్టేట్ యూనివర్సిటీయే మీకు సరైనదని నా లెక్క. జీతం పోయిన ఏళ్లని కూడా ఖర్చులో రాసుకోండి, అది ఫీజు కన్నా పెద్ద అంకె. అలా అని ఆపేయమనట్లేదు, ఎక్సెల్‌లో వేసి మీ ఆయన ముందు పెట్టండి, అప్పుడు ఆ "నీ ఇష్టం" ఏ రకమో తెలుస్తుంది.

ఇంగువ_తాలింపు

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చా, అందరికీ పేరు పేరునా థ్యాంక్స్.

పదకొండు స్కూళ్లకి మెయిల్ పెట్టా, ఏడు జవాబిచ్చాయి. నాలుగు స్కూళ్లు 90 క్రెడిట్లు కావాలన్నాయి, అందులో రెండు ఎంఎస్‌ని లెక్కలోకి తీసుకోమన్నాయి. రెండు స్కూళ్లు ప్రీరిక్విజిట్లు (ముందుగా చేయాల్సిన సైన్స్ కోర్సులు) ఇక్కడ చేస్తే చాలన్నాయి. ఒకటి మాత్రం నేను అడిగిన దానికి సంబంధం లేని లింకు పంపింది. ఏడాది పోస్ట్‌బ్యాక్ ఆలోచన పక్కన పెట్టేశా, బావిగట్టు గారి దారే. ఇక్కడి స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నా బీటెక్ చూసి 38 క్రెడిట్లు ఇస్తామన్నారు, ఇంజినీరింగ్ కెమిస్ట్రీకి మాత్రం ఇవ్వమన్నారు, మంచిదే, ఎలాగూ మళ్లీ చదవాలి.

ఆగిపోయిన బండి గారూ, మీరు చెప్పినట్టే ఒక ఫ్యామిలీ క్లినిక్‌లో శుక్రవారాలు కూర్చుంటున్నా, ఇప్పటికి ఇరవై ఆరు గంటలు. నిజమే, ఎక్కువ భాగం షుగరూ బీపీనే. మొన్న ఒక పెద్దావిడ, మనవాళ్లే, మాత్రలు సగం విరిచి వేసుకుంటోందట, నెలాఖరు దాకా రావాలని. డాక్టర్ గారికి ఆ ముక్క చెప్పలేదు, బయట కూర్చున్న నాకు తెలుగులో చెప్పింది. నేను ఆవిడని అడిగి లోపలికి వెళ్లి చెప్పా. మందు మార్చారు. ఆ రోజు స్క్రీన్లు నాకు అంతగా విసుగనిపించలేదు.

ఎక్సెల్ చూసి మా ఆయన మొదట రెసిడెన్సీ జీతం దగ్గర నవ్వాడు, తర్వాత పాపని డేకేర్ నుంచి తీసుకురావడం మంగళ, గురువారాలు తనదని ఒక వరుస కలిపాడు. అమ్మ ఇంకా ఏమీ అనలేదు, కానీ వేసవికి ఆరు నెలలు వచ్చి ఉండనా అని అడిగింది.

జనరల్ కెమిస్ట్రీ వన్‌కి పేరిచ్చేశా, మంగళ గురువారాలు సాయంత్రం, ల్యాబ్ శనివారం పొద్దున. ల్యాబ్ కోటూ కళ్లద్దాలూ కాలేజీ స్టోర్లోనే కొనాలా?

గ్లైడ్_ఇయర్

వద్దక్కా, బయట సగం ధరకి వస్తాయి. కళ్లద్దాలు మాత్రం రసాయనాలు చిమ్మినా లోపలికి పోని రకమే కొనండి, గాలి రంధ్రాలు నేరుగా తెరిచి ఉన్న చవకవి తెస్తే మొదటి రోజే ల్యాబ్ బయట నిలబెడతారు.